విసిరిన చోటే ఆగు

ఫ్రిజ్‌లో నా లెక్క నూటపన్నెండు సంచులు.
తెర మీద నూటపదకొండు.
మూడు మంగళవారాలుగా ఇదే తగువు.
కుతైసిలో ఈ రక్తనిధి తాళాలు నా దగ్గరుంటాయి,
వేళ్లు మడిచి లెక్కపెట్టే మనిషిని.
యంత్రానిది తప్పంటే ఎవరు నమ్ముతారు?

ఎలిసో వచ్చింది,
గొడుగు నీళ్లు కారుతుండగానే లాప్‌టాప్ తెరిచింది.
"ఎర్రగీత ఒక్కటీ లేదు, కల్బాటోనో త్సియాలా,
ఎక్కడా దెబ్బ తగిలిన జాడే లేదు" అంది,
జ్వరం లేని రోగి ముందు డాక్టరు పెట్టే మొహం పెట్టి.

డిబగ్గర్ అమరికల్లో రెండు చిన్న గడులున్నాయి.
నాకు అర్థమయ్యేలా చెప్పింది:
ఎవరూ పట్టుకోని ఎక్సెప్షన్ దగ్గర ఆగమంటుంది ఒకటి.
విసిరిన చోటే ఆగమంటుంది రెండోది,
పట్టుకునే చెయ్యి కింద సిద్ధంగా ఉన్నా సరే.
మొదటి గడిలో టిక్కు ఎప్పటినుంచో ఉంది.
రెండోది ఖాళీ.
"ఇన్నాళ్లూ కేక వినబడితేనే లేచాం.
కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చేవాళ్ల దగ్గరా ఆగుదాం ఇవాళ."
టిక్కు పెట్టింది.

ఇక చూడాలి.
ఆగింది. ప్రింటర్ దొరకలేదట.
ఆగింది. ఏదో ఫైలు లేదట, తనే కొత్తది చేసుకుందట.
ఆగింది, ఆగింది,
ప్రతి గడప దగ్గరా చెప్పులు విప్పే చుట్టంలా.
రోజూ ఇన్ని జారిపడటాలా,
పడకముందే ఇన్ని పట్టుకోవడాలా,
మా టీ కప్పులు కూడా కదలకుండా!
మొక్కజొన్న రొట్టె చల్లారిపోయింది.
నలభయ్యోసారికి ఎలిసో విసిగి
అపాయం లేనివాటిని పేరుపేరునా జాబితాలోంచి తీసేసింది.

అప్పుడు ఆగింది, ఇంకో రకంగా.
ఒక వరస మీద పసుపు గీత.
పక్క కిటికీలో ఆ క్షణం విలువలన్నీ
ఉన్నవి ఉన్నట్టు, వేడి కూడా తగ్గకుండా.
దాత: వాజా లోమ్‌జారియా.
పుట్టింది: ఫిబ్రవరి ఇరవైతొమ్మిది.
వయసు చూద్దామని ఈ ఏడాది అతని పుట్టినరోజు కోసం వెళ్లింది ప్రోగ్రాము.
ఈ ఏడాదిలో ఆ రోజు లేదు.
లేదని అరిచింది.
ఆ అరుపును కింద ఒక చెయ్యి గుటుక్కున మింగింది.
రెండు మీసాల బ్రాకెట్లు, మధ్య ఒక్క అక్షరం లేదు.
మనిషి వచ్చాడు, చొక్కా చెయ్యి పైకి మడిచాడు,
నెత్తురు ఇచ్చాడు, బిస్కెట్టు తిని వెళ్లాడు.
కాగితం మీద మాత్రం రాలేదు.

గుమ్మడికాయల దొంగ అని ఎవరూ అనకముందే
కిటికీ దగ్గర ఓతారి భుజాలు తడుముకున్నాడు.
"ఆ చెయ్యి నాదే" అన్నాడు.
"కొండదారిలో బస్సు బోల్తాపడిన రాత్రి.
పది నిమిషాలకోసారి కుప్పకూలేది ఇది.
వరండా నిండా జనం, నెత్తురిస్తామని నిలబడి.
దీని నోట్లో గుడ్డ కుక్కాను. ఆ రాత్రికి నడిచింది.
తెల్లారాక తీసేద్దామనుకున్నాను."

తెల్లారి ఎన్నేళ్లయిందని మేం అడగలేదు.
ఆ రాత్రి బతికినవాళ్లలో మా తమ్ముడొకడు.

ఎలిసో ఆ రెండు మీసాల మధ్య ఏదో రాయబోయి
వేళ్లు మీటల మీదే ఉంచి కూర్చుంది.
బయట రియోని పొంగుతున్న చప్పుడు.
నేను ఫ్రిజ్ తెరిచి, మూడో అరలో వెనక ఉన్న వాజా సంచిని
ముందుకు జరిపాను.
తర్వాత నా పాత నోటుపుస్తకాలు దించాను.
యంత్రం చెప్పిందే నిజమనుకుని
నా అంకె నేనే కొట్టేసి, పక్కన ఒకటి తక్కువ రాసుకున్న
మంగళవారాలు ఎన్నో, ఎవరెవరివో,
వెతకడం మొదలుపెట్టాను.
ఓతారి అడక్కుండానే టీ పోశాడు.
కప్పు నావైపు తోసేటప్పుడు
నా కళ్లలోకి చూడలేదు.