పోటు వేళ బొమ్మ

బోడసకుర్రు రేవు దాటడం ఇది మూడోసారి.
పక్షానికొకసారి, మధ్యాహ్నం రెండింటికి. నా వీలు అది.
పంటు మీద సైకిలు, సైకిలుకి సంచి,
సంచిలో మీటరు, టంకం కడ్డీ, రెండు గజాల చపటా తీగ,
అమ్ముడవకపోతే తిరిగిచ్చే షరతు మీద తెచ్చిన
ఒక బూస్టరు.

ఓలేటి చినపోలయ్య ఇంట్లో టీవీకి వింత జబ్బు:
నేనుంటే ఉండదు.
నేను గడప తొక్కేసరికి వార్తలు చదివే ఆవిడ
బొట్టుతో సహా నిక్షేపంలా కనబడుతుంది.
నేను వెళ్ళాక, దీపాలు పెట్టిన కాసేపటికి,
ఆవిడ భుజం మీంచి ఇంకో ఆవిడ మొలుస్తుందట,
తర్వాత ఇద్దరి మీదా తవుడు చల్లినట్టు,
ఆపైన వట్టి బరబర.

మొదటిసారి తీగ మార్చాను.
ఉప్పుగాలికి రాగి పచ్చబడి
వేళ్ళ మధ్య పొడిగా రాలింది. ఇదే అనుకున్నాను.
రెండోసారి యాంటెన్నా. కాకి వాలి విరిచిన పుల్లకి
గొడుగు ఊస కట్టాను.
అడ్డమని పక్కదొడ్లో రెండు చెట్ల మట్టలు కొట్టించాను.
ఆ దొడ్డివాళ్ళు ఇప్పటికీ నాతో మాట్లాడరు.

మూడోసారి రాత్రికి ఉండిపోయాను.

ఏడింటికి బొమ్మ బాగుంది.
ఎనిమిదిన్నరకి నీడ పడింది.
పెంకుల మీద కూచుని గెడ తిప్పుతున్నాను,
"వచ్చిందా?"
"వచ్చింది, వచ్చింది... అయ్యో, వెళ్ళిపోయింది."
కొత్త బూస్టరు పెడితే బరబర ఇంకా గట్టిగా వచ్చింది.

అరుగు మీద వల కుట్టుకుంటున్న మంగాయమ్మ,
చినపోలయ్య తల్లి, టీవీకేసి ఒక్కసారీ చూడని మనిషి,
దారం పంటితో తెంపి అంది:
"పోటెక్కిందిరా అబ్బాయ్. పడవ తాడు బిగిసింది, సూడు."

పోటుకీ టీవీకీ ఏం సంబంధమండీ అన్నాను.

"అట్టమి నాడు ఈ ఏళకి బాగానే ఉంది.
అమాసకి పోయింది, ఇయ్యాల పున్నమి, పోయింది.
రోజుకి రెండు గడియలు ఎనక్కి జరుగుతంది.
నీ మీటరుకి తెలీదా?"

వెన్నెల్లో బిల్లు పుస్తకం తీసి చూశాను.
ఫిర్యాదుల వేళలు వరసగా, నా దస్తూరీలోనే,
చంద్రుడి వెనకాలే నడుస్తున్నాయి.

కోర్సులో ఒక పేజీ ఉండేది.
గోడకి తగిలి ఆలస్యంగా వచ్చే దొంగబొమ్మ గురించి.
నీళ్ళ గురించి లేదు, లేదా ఆ రోజు నేను వెళ్ళలేదు.
టవరు నుంచి మాట రెండు దార్లలో వస్తోంది:
ఒకటి గాల్లో తిన్నగా,
ఒకటి గోదారి మొహం తాకి.
నీరు పెరిగితే రెండో దారి పొట్టిదవుతుంది.
ఒకే సాక్ష్యం చెప్పే ఇద్దరు
గుమ్మంలో గుద్దుకుని
ఎవరూ లోపలికి రాలేదు.

గెడ కిందికి దించి చూద్దామన్నాను.
మూరెడు దించాం. నీడ పలచబడింది.
ఇంకో జానెడు.
ఆవిడ బొట్టు మళ్ళీ ఒకటే అయింది.

తెల్లారి, ఒడ్డున బోర్లించిన పాత పడవ
తెరచాప కొయ్య పీకి ఇంటి వెనక పాతాం.
కప్పీ వేశాం, తాడు వేశాం.
పాటుకి యాంటెన్నా పైకి, పోటుకి కిందికి.
ముడి మంగాయమ్మే వేసింది,
నా ముళ్ళు ఆవిడకి నచ్చలేదు.
దించే వేళ కూడా ఆవిడే చెబుతుంది,
నీళ్ళవైపు చూడకుండా.

బిల్లులో "లోపం" అన్న గడి ముందు
కలం చాలాసేపు ఆగింది.
"గోదారి" అని రాశాను.
"బాగుచేసిన విధం" ఖాళీగా వదిలేశాను.

డబ్బులకి బదులు ఎండు మెత్తళ్ళు పొట్లం కట్టిచ్చారు.
బూస్టరు వెనక్కి ఇచ్చేశాను.
అమలాపురం దాకా
ఒక కుక్క నా సైకిలు వదల్లేదు.