పాట చివర ఓడ

డిసెంబరు ఇరవై ఒకటి నుంచి
మా ఇంట్లో స్నానాలు బంద్.
తొట్టిలో చేప ఉండేది.

వూచ్ నగరం, నాలుగో అంతస్తు,
కిటికీ బయట మసి కలిసిన మంచు.
మూడు గంటలు క్యూలో నిలబడి
పండగ రాత్రి వంటకని
అమ్మ బకెట్లో మోసుకొచ్చిన కార్ప్ చేప.
మూతికి రెండు పక్కలా మీసాలు,
అందుకని తమ్ముడు మిరెక్
"మేజర్ గారు" అని పేరు పెట్టాడు.
తొట్టి గట్టున కూర్చుని రోజూ
ఎక్కాలు అప్పజెప్పేవాడు దానికి.
ఏడో ఎక్కం దగ్గర వాడు తడబడితే
మేజర్ గారు నోరు తెరిచి
ఏమీ అనకుండా మూసేసేవారు.

నా గొడవ వేరే.
నాన్న బోనసు డబ్బుతో కొన్న టేప్ రికార్డర్,
బటన్ ఒకటి ఊడిపోతే అగ్గిపుల్లతో నొక్కేవాళ్ళం.
ఉన్నది ఒక్కటే క్యాసెట్.
అందులో మా పెదనాన్న పెళ్ళినాటి ఉపన్యాసం ఉండేది,
పాటల కోసం చెరిపేశాను.
(ఆయనకి ఇప్పటికీ తెలియదు.
తెలుసుకునే వీలూ లేదిప్పుడు.)

శనివారం రాత్రి రేడియోలో ఆ వారం పాటలు.
రేడియో ముందు మైకు పట్టుకుని
ఊపిరి బిగబట్టి నేను.
దగ్గు వస్తే నాన్న మెట్ల మీదికి వెళ్ళి దగ్గాలి,
అది ఇంటి చట్టం.

ఆ రాత్రి ఆ పాట వచ్చింది.
ఇంగ్లీషు పాట, ముక్క అర్థం కాలేదు,
చెవికి తోచిన మాటలతోనే
మోకాళ్ళ దాకా మునిగాను అందులో.
ఇంకాసేపట్లో అయిపోతుందనగా
గొంతు సవరించుకుని అడ్డొచ్చాడు రేడియో మనిషి:
"నారింజ పళ్ళ ఓడ
గ్డీన్యా రేవుకు చేరువలో ఉంది.
పండగ లోపు దుకాణాలకు అందవచ్చు."

వెంటనే వంటింట్లోంచి అమ్మ:
"నారింజలా! ఎవరూ కదలకండి,
మళ్ళీ చెబుతాడేమో!"

టక్.
అదంతా టేపుకెక్కింది.

పళ్ళు వచ్చాయి. తలా రెండు.
తొక్కల్ని హీటరు మీద ఆరబెట్టి
ఫిబ్రవరి దాకా వాసన చూశాం.

పండగనాడు నాన్న సుత్తి పట్టుకుని
స్నానాల గదిలోకి వెళ్ళాడు,
సిగరెట్ అంటించుకుంటూ బయటికొచ్చాడు.
మళ్ళీ వెళ్ళాడు, మళ్ళీ వచ్చాడు.
ఆఖరికి కింది అంతస్తు తెయోఫిలా గారు
చేతులు పైకి మడుచుకుంటూ మెట్లెక్కింది.
మిరెక్ ఆ రాత్రి రొట్టె మాత్రం తిన్నాడు.
డబ్బు నిలుస్తుందని అమ్మమ్మ
మా పర్సుల్లో చెరో పొలుసు పెట్టింది.
డబ్బు మాట దేవుడెరుగు,
పర్సు మాత్రం మార్చి దాకా కంపు కొట్టింది.

మొన్న ఫోన్లో వాడితో మేజర్ గారి మాటెత్తితే,
"మేజరా? కల్నల్ కదే!" అన్నాడు.
పావుగంట పోట్లాడుకున్నాం,
ఇద్దరం యాభై దాటినవాళ్ళం.
వాడి కూతురి ఫోను కవరు మీద
క్యాసెట్ బొమ్మ ఉందట.
పాతకాలం ఇప్పుడు ఫ్యాషనట.

నిన్న సూపర్ మార్కెట్లో ఆ పాట వేశారు.
ఎక్కడా గరగర లేదు, కడిగిన గాజులా ఉంది.
చివర ఒక గిటారు ఉంది దానికి,
చాలా బాగుందంటారు అందరూ.
నాకు మాత్రం ఎప్పుడు విన్నా
ఎవరింట్లోకో తప్పుగా వచ్చినట్టుంటుంది.

నారింజల గుట్ట పక్కన బండి ఆపాను.
వలసంచుల్లో కిలోలకు కిలోలు,
రెండు కొంటే ఒకటి ఉచితం.
పాట ఆ చోటికి వస్తోంది.
గొంతు సవరించుకునే మనిషి లేడు.
వాడు రాడని తెలిసీ
చెవులు రిక్కించి నిలబడ్డాను.
గిటారు మొదలైంది.

"ఎవరూ కదలకండి."

పైకే అన్నట్టున్నాను.
పళ్ళు సర్దుతున్న కుర్రాడు
చేతిలో నారింజతో
అలాగే ఆగిపోయాడు.