టక్కుమనే దాకా

కాగితం మీద ఇరవై ఏడు పాయింట్ తొమ్మిది.
కాణిపాకంలో ప్రసాదం పెట్టినట్టు
షోరూం పిల్లోడు ఆ అంకెను నా అరచేతిలో పెట్టినాడు.
కళ్లకద్దుకోలేదు నేను.
పల్పు ఫ్యాక్టరీ ల్యాబులో పంతొమ్మిదేండ్లుగా
మామిడి గుజ్జు తీపిని అంకెల్లో రాసేదాన్ని.
ఏ అంకెనైనా ముందు
పుట్టిన గది ఎట్లుంటాదో అడుగుతా.

అడిగినా.
"రోలర్ల మీద నడుపుతారు మేడం, గదిలోనే."
ఎదురుగాలి?
"ఉండదు."
ఏసీ?
"ఆపేస్తారు."
ఎవరెవరు ఎక్కుతారు?
పిల్లోడు నవ్వినాడు.
మా ఆడబిడ్డ వళ్లియమ్మ ఎక్కదు ఆ గదిలో,
ఆమె రెండు పనసకాయలూ ఎక్కవు,
మే నెల మధ్యాహ్నం అసలే ఎక్కదు.

అందుకే ఒక నోటుబుక్కు కొన్నా.
గిరింపేట బంకులో అదే పంపు, అదే మూల,
నాజిల్ టక్కుమనే దాకా.
"రౌండ్ ఫిగర్ చేసేదా అక్కా?" అంటాడు దొరస్వామి.
రౌండు చేస్తే లెక్క చెడతాది నాయనా, అంటా.
వెనక ఆటోలు హారన్లు కొడతా ఉంటాయి.

పూతలపట్టు, పాకాల, చంద్రగిరి, తిరుపతి:
నేను తోలితే ఇరవై మూడు పాయింట్ ఆరు.
అదే దావ, అదే ఎండ, మా ఆయన తోలితే
పదిహేడు పాయింట్ ఎనిమిది.
బండి మారలేదు, కాలు మారింది.
నోటుబుక్కు చూపించినా.
ఆ రాత్రి మజ్జిగ కూడా అడగలేదు ఆయన.

అలిపిరి దాటినాక
కొండ తన లెక్క తాను తీస్తాది.
ఎక్కేటప్పుడు ఇంజను ఎద్దులా రొప్పుతాది,
తెర మీద ఎనిమిది.
దిగేటప్పుడు బ్రేకు తొక్కిన ప్రతి మలుపూ
బ్యాటరీలో జమ.
చుక్క పెట్రోలు తాగకుండా తొంభై తొమ్మిది అంటాది తెర,
అంతకు మించి రాసేదానికి దానికి చోటు లేదు.
"చూస్తివా!" అంటాడు మా ఆయన, తానే కొండను మోసినట్టు.
ఎక్కేటప్పుడు పోసిందే కదబ్బా తిరిగొస్తా ఉండేది,
అది కూడా సగం.

కంపెనీని తిట్టబుద్ధి కాలేదు.
అంకె అబద్ధమేం కాదు,
ఆ గదిలో నిజం.

ఇట్లాంటి గది నాకూ ఒకటి ఉంది.

పోయిన జూన్‌లో వానలు ముందే పడినాయి.
తోతాపురి లారీలు గేటు బయట మూడు దినాలు.
గుజ్జు వడగట్టి, ఇరవై డిగ్రీలకు చల్లార్చి,
గాజు మీద ఒక్క చుక్క వేసి కన్ను పెట్టినా.
పదమూడు.
పద్నాలుగు ఉండాల.
బంగారుపాళ్యం మునెప్ప లారీ కింద నుంచి లేచొచ్చి
కాయ కోసి, కత్తి మొన మీదే ముక్క అందించినాడు.
"తినమ్మా. నోటికి చెప్పు, నాకు చెప్పొద్దు."
తిన్నా.
తీపి.
గొంతు దిగినాక కూడా తీపి.
మళ్లీ గాజు తుడిచి, మళ్లీ చుక్క వేసినా.
పదమూడే.
రేటు అంకెకు కట్టినారు.
కింద సంతకం నాది, చేతిరాత కుదురుగానే ఉంది.

బండికేమో కాగితంలో ఎక్కువ, రోడ్డు మీద తక్కువ.
మునెప్పకు కాగితంలోనే తక్కువ.

ఏడాది సగటు కట్టినా నిన్న:
ఇరవై ఒకటి పాయింట్ నాలుగు.
కూడికలు రెండుసార్లు సరి చూసుకున్నా.
సాయంత్రం షోరూం పిల్లోడు ఫోన్ చేసినాడు.
"మైలేజీ ఎట్లుంది మేడం?
పదికి పది ఇయ్యండి, తొమ్మిదిచ్చినా
నా జీతంలో పట్టుకుంటారు."
నోటుబుక్కు ఒళ్లోనే ఉంది.
పదీ ఇచ్చినా.

తర్వాత చివరి పేజీ తిప్పి
కిలోమీటర్లు లేని లైను ఒకటి రాసినా:
మునెప్ప, బంగారుపాళ్యం, జూన్. తీపి.
పక్క గడిలో పెన్ను ఆనించి చానాసేపు కూర్చున్నా.
గడి ఖాళీగానే ఉంది.