పదకొండు నిమిషాలు

ఆరూ పదిహేడుకి లేస్తే
ఆరూ ఇరవై ఎనిమిది దాకా నావి.
ఆ తర్వాత లంచ్ బాక్సులు, దొరకని సాక్సు,
బ్యాలరాట్ చలికి కారు అద్దం మీద పేరుకున్న మంచు గీకడం.
ఈ పదకొండు నిమిషాల్లోనే
పందొమ్మిది చెట్లకు నేను దొరకాలి.

మొదట ఒక్కటే.
క్లినిక్‌లో రిటైరై వెళ్ళిపోతూ నోరీన్
షూ పెట్టెలో పెట్టి ఇచ్చిన చైనీస్ ఎల్మ్.
"పెద్దగా పనేం ఉండదు," అంది.
పిల్లికూనని అంటగట్టేవాళ్ళు కూడా ఇదే మాటంటారు.

తర్వాత ఒక మేపుల్, దానికి తోడని ఇంకొకటి,
సగం ధరకు, విరిగిన కొమ్మతో
నర్సరీ మూల నుంచి నన్నే చూసిన జూనిపర్.
బట్టలారేసే చోటు చాలక
బల్లలు మెల్లగా గరాజ్‌లోకి పాకాయి.
ఒకరోజు ప్రద్యోత్ కారు వానలోనే వదిలి వచ్చి
"లోపల ఎవరు దిగారు?" అన్నాడు, నవ్వకుండా.
"మట్టి," అన్నాను.
మూడు రకాల మట్టి అని చెప్పలేదు.

పగలంతా నా పని పిల్లల పళ్ళకు తీగలు బిగించడం.
"కాస్త లాగినట్టుంటుంది, అంతే" అని
రోజుకి ఇరవైసార్లు సగం నిజం చెప్తాను.
రాత్రి పదింటికి వంటింటి గట్టు మీద
అవే వేళ్ళు, రాగి తీగ, అదే మాట.
కొమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకోదు.
ఎప్పుడో ఒకసారి టక్కుమంటుంది.
ఆ రాత్రికి ఇక నిద్ర ఉండదు.

ఫిబ్రవరిలో నలభై ఒక్క డిగ్రీలు కాసిన రోజు
ఇద్దరు సెలవు, నా ఫోను లాకర్లో.
మధ్యాహ్నం రెండింటికి ఒక పాప నోట్లో అద్దం పెడితే
నాకు కనిపించింది నాలుక కాదు,
ఎండి పెచ్చులు లేచిన నాచు.
ఇంటికొచ్చేసరికి మేపుల్ ఆకులు
కాల్చిన అప్పడాల్లా ముడుచుకున్నాయి.
జూనిపర్ ఒక్కటే పచ్చగా నిలబడి ఉంది.
నువ్వే నయం, అన్నాను దానితో.

చచ్చిపోయాక కూడా జూనిపర్
వారాల తరబడి పచ్చగానే ఉంటుందని
నాకు ఏప్రిల్‌లో తెలిసింది.
అన్నాళ్ళూ దాని వంతు అరనిమిషం దానికిచ్చాను.
నీళ్ళు పోశాను, ఎండవైపు తిప్పాను,
బాగున్నావా అంటే
బాగున్నట్టే ఉండేది.
గోటితో బెరడు గీరి చూస్తే
లోపల వక్కపొడి రంగు.

మేమూ అంతే కదా,
గుమ్మంలో తాళాలు చేతులు మారేటప్పుడు
బాగున్నావా, బాగున్నా.
ఆ సాయంత్రం అతను గిన్నెలు కడుగుతుంటే
పక్కన నిలబడి గోరు పెట్టాను:
"నా మీద కోపంగా ఉందా, ఈ మధ్య?"
చాలాసేపు ఒకే గిన్నె తోమాడు.
"చెట్ల మీద కాదు," అన్నాడు.
నొప్పేసింది. అయినా
గీరిన చోట తడి తగిలింది.

ఇప్పుడు పన్నెండు.
ఏడింటిని ఇచ్చేశాను, ఒక్కోదానికీ షూ పెట్టె వెతికి,
"పెద్దగా పనేం ఉండదు" అని మాత్రం అనకుండా.
గరాజ్‌లో కారుంది. దాని బానెట్ మీద, ఒప్పుకుంటున్నాను,
రెండు కుండీలు.

ఎల్మ్ మొదలుకి ఒక మచ్చ.
క్లినిక్‌లో ఆడిటింగ్, ఇంట్లో అమ్మాయికి జ్వరం,
ఆ అక్టోబరంతా తీగ విప్పడం మర్చిపోయాను.
లావెక్కే కాలం కదా, కొరికేసింది,
స్క్రూ మర లాగా చుట్టూ.
నోరీన్‌కి చూపించాను, తప్పు చేసిన పిల్లలా.
"పదేళ్ళలో పూడుతుందిలే," అంది,
పదేళ్ళంటే వచ్చే మంగళవారం అన్నట్టు.

రోజూ ఆ గాడిలో బొటనవేలు ఆనించి చూస్తాను.
నిన్నటికీ ఇవాళ్టికీ తేడా ఏమీ లేదు.

ఆరూ ఇరవై తొమ్మిది.
లోపల ఎవరో బ్రెడ్డు మాడుస్తున్నారు,
ఎవరో నన్ను పిలుస్తున్నారు.
ఇంకొక్క కుండీ ఉంది.