కొక్కెం

తీగ మాత్రం ముందే వచ్చేసింది.
స్తంభం దిగి, ఖాదర్‌బీ వాళ్ల పిట్టగోడ దాటి,
మా వెంటిలేటరు జాలీలో దూరి
లోపలికి తొంగి చూస్తా ఉండాది
నల్ల తేలు కొండి మాదిరి.

ఢిల్లీబాబు చెప్పులు బయట విడిచినాడు.
పాకాల పిల్లోడు. మీసం పెంచేదా తీసేసేదా
ఇంకా తేల్చుకోలేదు.
తెల్ల డబ్బా తీసి, దానికి రెండు కొమ్ములు నిలబెట్టి
"యాడ పెట్టేదక్కా?" అన్నాడు.

టీవీ పక్కన, అన్నా.
"అందరూ ఆడే అంటారు.
ఈ జీవకోనలో గోడలు గోడలు కాదక్కా, కొండ."

నిజమే. మా వెనక గోడ సగం బండ.
ఇల్లు కట్టినోడు దాన్ని పగలగొట్టలేక
సున్నం కొట్టి గోడ అనేసినాడు.
వానాకాలం దానికి చెమట పడతాది.
నా కుట్టుమిషను దాన్ని ఆనుకునే ఉండాది.
నాకు నెట్టు కావాల్సిందీ ఆడే.

బీరువా మీద పెట్టినాం. ఇనుము మింగేసింది.
బియ్యం డ్రమ్ము మీద పెట్టినాం.
వంటింట్లో ఒక గీత, మిషను కాడ సున్నా.
అద్దం ముందర వద్దంట, ఫ్రిజ్జు మీద వద్దంట,
నీళ్ల బిందెల పక్కన అసలే వద్దంట.
కొత్తల్లుడు నయం.

ఫోను పట్టుకొని మూలమూలా తిరిగినా.
పదహారేళ్లుగా ఊడ్చే ఇల్లు.
ఇన్ని మూలలుండాయని ఈ పొద్దే తెలిసింది.

ఫోనులో మా వీధంతా పేర్లై వరసగా నిలబడింది:
మునిశేఖర్ 5జీ
చికెన్ పకోడి
జై గంగమ్మ
నీ సొంతం పెట్టించుకో

ఆ చివరిది మిద్దింటి రెడ్డెప్ప వాళ్లది.
ఎవర్ని అన్నారో కూడా నాకు తెలుసు.
నెల పొద్దులు వాళ్ల గోడకి వీపానించి
కస్టమర్లు పంపిన జాకెట్టు మెడల ఫోటోలు
ఒక్కోటీ దించుకునింది నేనే.
మొదట్లో ఆ పేరు వేరేగా ఉండేది.

"ఇంటికి నట్టనడుమ, ఎత్తులో,
ఏ గోడకీ తగలకుండా యాడన్నా?"
అంటా ఢిల్లీబాబు తలెత్తినాడు.
నేనూ ఎత్తినా.

దూలానికి కొక్కెం.

యామిని ఉయ్యాల దిగి పన్నెండేళ్లు.
ఇప్పుడు ఉల్లిగడ్డల సంచి తగిలిస్తాం,
వానొస్తే గొడుగు.
ఆ పొద్దు మా ఆయన తాడు పట్టి కొలిచినాడు
ఈ మూల నుంచి ఆ మూలకి,
నిచ్చెన నాలుగు సార్లు జరిపినాడు.
నేను పొయ్యి కాడున్నా, మిషను తొక్కతా ఉన్నా
పాప ఏడిస్తే వినపడాల, అంతే ఆయన లెక్క.

"సంచిలో పెడితే వేడెక్కతాదక్కా, గాలాడాల."
చేతులకి వాడి మిగిలిన నెట్టు గుడ్డ ఉండాది.
నెట్టుకి నెట్టు గుడ్డ.
కాఫీ ఆరేలోపల నాలుగంచులూ కుట్టేసినా,
నాడా ఎక్కించినా.

ఒకటి వెలిగింది. రెండోది. మూడోది
ఎర్రగానే నిలబడి ఆలోచన చేసింది.
ముగ్గురం మెడలెత్తి
ధ్వజస్తంభం ముందర నిలబడినట్టు.
బడి నుంచి వచ్చిన యామిని బ్యాగు దించనేలేదు.
పచ్చ.

"పేరేం పెట్టమంటావక్కా?"
ఎప్పుడో అనుకుని పెట్టుకునిందే:
పెట్టించుకున్నా.
యామిని నోటికి చున్నీ అడ్డం పెట్టుకునింది.

పాస్‌వర్డు ఎనిమిదికి తగ్గకూడదంట.
నాకు కంఠతా వచ్చేది కొలతలే.
ఛాతి, నడుము, చెయ్యి, పొడుగు,
ఒక్కోటి రెండంకెలు.
ఎవరి జాకెట్టో చెప్పను.

మిషను కాడ మూడు గీతలు.
నాలుగోది రాలేదు. బండ కదా.

రాత్రి నీళ్లకి లేచి
చీకట్లో దాని కింద పోతా పోతా
తల వంచినా.
తగిలేంత కిందికేం లేదు అది.