పచ్చగా ఉండటం

ఇనారి సరస్సుకు ఉత్తరాన, మార్చి నెల.
ఎండ ఉంది గాని, వేడి ఇంకా ఎక్కడా అప్పు పుట్టడం లేదు.
జేబులో పన్నెండు నల్ల క్లిప్పులు,
భుజాన పెట్టె,
ఎదురుగా హిల్కా గారి పెరటి పైన్ చెట్టు.
కొమ్మల నిండా మంచు మోస్తూ కూడా
నిగనిగలాడే పచ్చదనం.

"ఇంత పచ్చగా ఉన్నదాన్ని ఏం పరీక్ష చేస్తావు?"
గుమ్మంలోంచే అడిగింది.

ఆకు మీద పడ్డ వెలుగుకి మూడు దారులమ్మా, అన్నాను.
కొంత అన్నమవుతుంది.
కొంత వేడిగా పోతుంది.
ఆ రెండిటికీ చిక్కని చిటికెడు
ఎర్రగా వెనక్కి వస్తుంది,
మన కంటికి ఆననంత సన్నగా.
ఆ చిటికెడు కొలవడానికే నాకు జీతం.

నిజం చెప్పించాలంటే మాత్రం
ముందు అరగంట చీకట్లో ఉంచాలి.
"అచ్చం పోలీసువే" అంది,
క్లిప్పుల్లో ఇరుక్కున్న సూదుల్లాంటి ఆకుల్ని చూసి.

అరగంట.
చెక్క కప్పులో కాఫీ, అందులో మెత్తబడుతున్న చీజ్ ముక్క.
పొయ్యి పక్క కొక్కేనికి ఔలిస్ చేతి తొడుగులు,
రెండు శీతాకాలాలుగా
ఆరుతూనే ఉన్నాయి.
ఊళ్ళో ఎవర్నడిగినా చెబుతారు,
హిల్కాకేం, పచ్చగానే ఉందని.

రేకు జరిపి
రెప్పపాటు, ఎండని మించిన వెలుగు కొట్టాను.
పెట్టె మీద అంకె: సున్నా పాయింట్ ఇరవై ఒకటి.
ఒంట్లో బాగున్న చెట్టు ఎనభై దాటి చెబుతుంది.

"చచ్చిపోతోందా?"
లేదు.
ఈ చలిలో వెలుగుని తినలేదు.
తినలేని వెలుగు లోపల నిలిస్తే కాల్చేస్తుంది.
అందుకని వచ్చిందంతా వేడిగా విదిలించేస్తూ
కంచం బోర్లించుకుని కూర్చుంది, అంతే.

ఆవిడ చాలాసేపు ఏమీ అనలేదు.
తర్వాత చిటికెన వేలు చాపింది.
"దీనికీ ఓ క్లిప్పు పెట్టు."
పెట్టాను. వెలుగు కొట్టాను.
పెట్టెకి ఏమీ అర్థం కాక గీతలు చూపించింది.
ఆవిడ నవ్వడం నేను వినడం అదే మొదలు,
మంచు పలక విరిగినట్టుంది.

ఏప్రిల్లో ముప్పై నాలుగు.
పది రోజులకి యాభై రెండు.
మర్నాడు రాత్రి మళ్ళీ కరకర గడ్డకట్టి
అంకె ముప్పైకి జారింది.
నేను తిట్టుకుంటూ రాసుకుంటుంటే
"తొందరేముంది దానికి" అంది హిల్కా,
చెట్టుని గాదు, నన్ను చూస్తూ.

మే మూడో వారం.
సున్నా పాయింట్ డెబ్భై ఆరు!
చెబుదామని పరిగెత్తి తలుపు కొట్టాను.
తాళం.
మెట్ల మీద బూట్లు లేవు.
కిటికీకి ముఖం ఆనించి చూస్తే
పొయ్యి పక్కన కొక్కెం ఖాళీ.
కరుగుతున్న దారిలో సరస్సు వైపు
బురద అడుగులు.

పాత కాఫీ రసీదు వెనక
అంకె రాసి
తలుపు సందులో దోపి వచ్చాను.

ఎవరిదో రాయలేదు.