ఒక పన్ను కిందికి

అంబర్‌పేటలో సెకండ్ హ్యాండ్ బండి కొన్నాను,
పద్దెనిమిది వేలు, సైడు అద్దం ఒకటే.
రక్తం శాంపిళ్ల డబ్బా వెనక కట్టుకుని
తెల్లారి అయిదింటికే రామంతాపూర్ నుంచి
మలక్‌పేట దాకా గడపగడపకీ తిరిగే ఉద్యోగం.

నెల తిరక్కుండానే కుడి పిక్క పట్టేసింది.
బ్రేకు వెయ్యాలంటే ప్రతిసారీ
మోకాలు లేపాలి, మడమ లేపాలి,
అటక మీది డబ్బా అందుకున్నట్టు.

"ఎవరి బండమ్మా ఇది?" అన్నాడు జహంగీర్ మామ,
మూసారాంబాగ్ సందులో గొంతుక్కూర్చుని.
నాదే అన్నాను.
"కాయితాల మీద నీదే. కాళ్ల కాడ ఇంకా ఆయనదే."

ఫుట్‌రెస్టు రబ్బరు చూపించాడు.
బయటి అంచు మాత్రమే అరిగి ఉంది.
"పొడుగు మనిషి. బాతు లెక్క పాదాలు బయటికి తిప్పి నడిపిండు.
ఏదో ఒకనాడు డివైడరుకు
బొటనవేలు ఇచ్చే ఉంటడు."
చెయ్యి చూసి జాతకం చెప్పేవాళ్లని చూశాను గానీ
రబ్బరు చూసి చెప్పేవాణ్ణి చూళ్లేదు.

ఇన్నాళ్లూ
ఎవరిదో చీలమండతో
ఊరంతా తిరిగానన్నమాట.

పది నంబరు పానా.
బ్రేకు పెడల్ రెండు చుట్లు కిందికి.
గేరు లివర్ ఊడదీసి, షాఫ్టు మీద
ఒక పన్ను కిందికి దించి బిగించాడు.
ఒక్క పన్నే.

నన్ను వెనక్కి పంపి లైటు చూడమన్నాడు.
వెలుగుతూనే ఉంది.
"తొక్కకున్నా వెలిగితే నాన్నా పులి కథ అయితది.
నిజంగ ఆగిన రోజు వెనకోడు నమ్మడు."
స్ప్రింగు సదిరాడు. ఆరింది.

"ఇప్పుడు ఎక్కు. స్టాండు మీదనే. కండ్లు మూసుకో.
మోకాళ్లు ట్యాంకుకు ఆనియ్యి.
వేళ్లు ముందుకే చూడాలె.
బ్రేకు మీద తాకీ తాకనట్టు... ఆఁ, వెతుకు."

వెతకలేదు. అక్కడే ఉంది,
చీకట్లో మా వంటింటి స్విచ్చులా.

డబ్బులిస్తుంటే నా హవాయి చెప్పులు చూసి
ఏమీ అనలేదు.
ఆ మౌనానికే నాలుగు వందలు పెట్టి
బూట్లు కొన్నాను. లేసులు లోపలికి దోపుతాను.

కొత్త కోడలు కుడికాలు ముందు పెట్టాలంటారు.
సిగ్నల్ దగ్గర ఎడమకాలే శుభం:
అది నేల మీద, కుడిది బ్రేకు మీద.

మొన్న మలక్‌పేటలో, ఇంకా మసక చీకటి,
సిగ్నల్ లేని చోట
పాదాలు బయటికి తిప్పి నడిచే పొడుగు మనిషి
పాలప్యాకెట్లతో రోడ్డుకి అడ్డం వచ్చాడు.
ఆయనో, కాదో.

వేళ్లు నొక్కాను.
డబ్బాలో సీసాలు
ఒకదానితో ఒకటి ఏదో గొణుక్కుని ఊరుకున్నాయి.
ఆయన బండి వైపు ఒకసారి చూసి
కొంచెం కుంటుతూ దాటాడు.